రైలు రేటు లారీ కిరాయిలో సగమే. మరి రేవుకు సరుకంతా రైల్లోనే పంపవచ్చా?

అడిగినవారి పరిస్థితి క్లుప్తంగా ఇది. ఫ్యాక్టరీ రేవు నగరానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, లోతట్టున ఉంది. వారానికి 35 నుంచి 40 ఎగుమతి కంటైనర్లు లారీల మీద రేవుకు వెళ్తున్నాయి. ఫ్యాక్టరీకి 35 కిలోమీటర్ల దూరంలో కంటైనర్లను రైలెక్కించే డిపో ఒకటి కొత్తగా మొదలైంది. అక్కడ చెప్పిన రేటు లారీ కిరాయిలో సగం. ‘మొత్తం రైలుకు మార్చేయవచ్చా? రైలును నమ్ముకుంటే ఓడ తప్పిపోతుందని లారీల వాళ్లు భయపెడుతున్నారు’ అన్నది ప్రశ్న.

నా జవాబు: మొత్తం మార్చకండి. మూడింట రెండు వంతులు మార్చండి, అదీ రెండు సంగతులు తేల్చుకున్నాకే. మొదటిది, రైలు పట్టాలు రేవులో టెర్మినల్ (ఓడకు కంటైనర్లు ఎక్కించే, దించే ఆవరణ) లోపలిదాకా వెళ్తాయా, ప్రహరీ బయటే ఆగిపోతాయా? రెండోది, మీకు ఖాళీ కంటైనర్లు ఎక్కడి నుంచి వస్తాయి? రెండూ అనుకూలంగా ఉంటే 300 కిలోమీటర్లకు రైలు గిట్టుతుంది. ఒకటి బెడిసికొడితే ఇంచుమించు లారీ ఖర్చే పడుతుంది. రెండూ బెడిసికొడితే చేతి నుంచి పోతుంది. లారీల వాళ్లు తమ బేరం కోసం భయపెడుతున్న మాట నిజమే కానీ, వాళ్ల మాటలో కొంత సరుకుంది. దాని సంగతి కింద చెబుతాను.

ఇరవై ఆరేళ్లుగా నాది ఇదే పని. మొదట రేవు యార్డులో షంటింగ్ (వ్యాగన్లను విడదీసి, కలిపి, లైన్లు మార్చే పని) దగ్గర, తర్వాత కంటైనర్ రైళ్ల ప్రణాళికలో. ఇంతకాలంలో ఎవరైనా రైలు గురించి అడిగితే నేను వెనక్కి అడిగే మొదటి ప్రశ్న వేగం గురించీ కాదు, రేటు గురించీ కాదు. ఆ రైలు ఎక్కడెక్కడ, ఎంతెంతసేపు నిలబడుతుంది అని అడుగుతాను.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లడానికి పట్టే బలం, రోడ్డు మీద రబ్బరు టైరుకు పట్టేదానికన్నా ఎన్నో రెట్లు తక్కువ. ఒక్క ఇంజను, ఇద్దరు మనుషులు కలిసి 45 వ్యాగన్లను లాక్కుపోతారు. ఒక్కో వ్యాగన్ మీద రెండు 20 అడుగుల పెట్టెలో, ఒక 40 అడుగుల పెట్టెనో ఉంటుంది. అందుకే నేల మీద నడుస్తున్న రైలంత చవక ఏదీ లేదు. కానీ రైలు మీ గోదాము గుమ్మం దగ్గరికి రాదు. ఎక్కించాలి, దించాలి, మళ్లీ ఎక్కించాలి. ఈ ఖర్చులు 100 కిలోమీటర్లకైనా 1000 కిలోమీటర్లకైనా ఒకటే. దూరం పెరిగేకొద్దీ అవి పలుచబడతాయి. మీ 300 కిలోమీటర్లు సరిగ్గా గట్టు మీద ఉన్న దూరం, ఎటైనా పడవచ్చు.

‘సగం రేటు’ను ఇలా విప్పి చూడండి. లారీ కిరాయిని 100 అనుకుందాం. రైలు 50. ఫ్యాక్టరీ నుంచి డిపోకు 35 కిలోమీటర్ల లారీ, చిన్న దూరమే అయినా లారీ రోజంతా మీ దగ్గరే ఇరుక్కుంటుంది కాబట్టి, సుమారు 18. డిపోలో ఎక్కించడానికి 5, రేవులో దించడానికి 5. మొత్తం 78. ఇంకా 22 మిగిలింది, మంచిదే. ఇప్పుడు పట్టాలు టెర్మినల్ బయటి యార్డులోనే ఆగిపోతాయనుకోండి. అక్కడ దించి, లారీకెక్కించి, గేటు దాటించి, లోపల మళ్లీ దించాలి. దానికి ఇంకో 15. మొత్తం 93. ఇవి నేను చూసిన ఒప్పందాల తీరును బట్టి వేసిన పాళ్లు. మీ అంకెలు మీరు వేసుకోండి, కానీ గళ్లు మాత్రం ఏదీ వదలకండి.

ఇక అందరూ మరిచిపోయే గడి ఖాళీ కంటైనర్. మీ లారీ ఇప్పుడు రేవు దగ్గరి నుంచి ఖాళీ పెట్టెను తెచ్చి, మీ దగ్గర నింపుకుని, మళ్లీ రేవుకు వెళ్తోంది కదా? అంటే ఆ 100లో రానూపోనూ రెండూ ఉన్నాయి. డిపో వారు చెప్పిన 50 ఒక వైపుదే అయి ఉంటుంది, అదీ నిండు పెట్టెకు. ఓడ కంపెనీ మీకు ఖాళీలను ఆ డిపోలోనే ఇస్తే దిగుల్లేదు. దిగుమతి సరుకు ఖాళీ అయిన పెట్టెలు అక్కడే పోగుపడే ప్రాంతమైతే వాళ్లే సంతోషంగా ఇస్తారు, వాళ్లకూ వెనక్కి మోసే ఖర్చు తప్పుతుంది. అలా కాక ‘ఖాళీలు రేవులోనే తీసుకోండి’ అంటే, ఆ ఖాళీని లోపలికి తేవడానికి ఇంకో 25 వరకూ కలపాలి. అప్పుడు 78 కాస్తా 103 అవుతుంది. ఒక రాళ్ల ఎగుమతిదారు ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టేశాక నా దగ్గరికి వచ్చారు. రైలు రేటు మీద నెల రోజులు బేరమాడారు, ఖాళీల గురించి ఒక్కమాట కూడా అడగలేదు. చివరకు ఓడ కంపెనీ మార్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను: చివరి పది కిలోమీటర్లు.

ఒకప్పుడు నేను చూసుకున్న రైలు ఒకటి 310 కిలోమీటర్లను ఆరున్నర గంటల్లో దాటేది. చివరి తొమ్మిది కిలోమీటర్లకు ఒక్కోసారి పదకొండు గంటలు పట్టేది. ఎందుకో చెబుతాను. నగరం అంచున ఉన్న స్టేషను నుంచి రేవు దాకా ప్రయాణికుల లోకల్ రైళ్లూ మావీ ఒకే పట్టాల మీద నడవాలి. ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు గూడ్సుకు దారి లేదు. తెల్లవారుజామున ఐదుకు అంచు స్టేషనుకు చేరితే సరే. ఆరుంబావుకు చేరితే పది దాకా పక్కన ఆగే లూప్ లైనులో నిద్రపోవాల్సిందే.

పదికి బయలుదేరి రేవు యార్డుకు చేరాక ఇంకో తతంగం. మా రైలు పొడవు ఇంజనుతో కలిపి 680 మీటర్లు. సరుకు దించే లైను 400 మీటర్లు. కాబట్టి రైలును రెండు ముక్కలు చేయాలి. పైన తీగలుంటే క్రేను పనిచేయలేదు కనుక కరెంటు తీగలు యార్డు మొదట్లోనే ఆగిపోతాయి. అక్కడ కరెంటు ఇంజను విప్పి డీజిల్ ఇంజను తగిలించాలి. ముక్క చేసిన ప్రతిసారీ బ్రేకు గొట్టాలు కలపాలి, గాలి నిండే దాకా ఆగాలి, చివరి వ్యాగన్ దగ్గర బ్రేకు పట్టిందో లేదో మనిషి నడిచి వెళ్లి చూడాలి. మధ్యలో రేవు రోడ్డు లెవెల్ క్రాసింగ్. గేటు వేస్తే నిమిషాల్లో కిలోమీటరు లారీలు. వర్షంలో టార్చి పట్టుకుని ఆ గేటు దగ్గర నిలబడి రెండు వైపుల తిట్లూ తిన్నవాణ్ని. ముందు ముక్క ఆ గేటు దాటేలోపు గార్డుకు, గేట్‌మ్యాన్‌కు, క్రేను మీద కూర్చున్నతనికి కలిపి ఎన్నిసార్లు ఫోను చేసేవాణ్నో లెక్కలేదు.

దించే లైనును రైలు పొడవుకు సాగదీశాక అదే రైలు మూడు గంటల్లో ఖాళీ కాసాగింది. ఇంజను మారలేదు, క్రేన్లు పెరగలేదు. అందుకే మీరు డిపో వారిని అడగాల్సింది ‘ఎన్ని గంటల్లో చేరుస్తారు’ అని కాదు. రేవులో దించే లైను పొడవెంత? మీ రైలు పొడవెంత? రెండూ సరిపోతాయా? తడబడకుండా జవాబిచ్చిన వారితోనే పని పెట్టుకోండి.

నగరాలు ఈ చివరి ముక్క కోసమే వేల కోట్లు పోస్తాయి. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ జంట రేవుల నుంచి నగరం నడిబొడ్డు దగ్గరి యార్డుల దాకా వేసిన అలమేడా కారిడార్ పొడవు కేవలం 32 కిలోమీటర్లు. అందులో 16 కిలోమీటర్లు పది మీటర్ల లోతు కందకంలో వెళ్తుంది. 2002లో అది తెరిచాక దాదాపు 200 లెవెల్ క్రాసింగుల బెడద తప్పింది. నెదర్లాండ్స్‌లో రాటర్‌డ్యామ్ రేవు నుంచి జర్మనీ సరిహద్దు దాకా 160 కిలోమీటర్ల బేటువే లైనును సరుకు రైళ్ల కోసమే వేసి 2007లో తెరిచారు. సరిహద్దు దాటగానే రైళ్లు మళ్లీ పాత రద్దీ లైనులోనే పడ్డాయి, అవతల మూడో లైను పని ఏళ్ల తరబడి నత్తనడకన సాగింది. ఇరుకును ఒక చోట విప్పితే పక్క చోట బిగుసుకుంది.

‘అయితే ఫలానా రేవులో సగం సరుకు రైల్లోనే పోతుందట కదా, మన దగ్గర ఎందుకు కాదు’ అని ఈ చర్చల్లో ఎవరో ఒకరు అంటారు. హాంబర్గ్ గురించి అయితే నిజమే: లోతట్టు ప్రాంతాలకు వెళ్లే కంటైనర్లలో దాదాపు సగం రైల్లోనే వెళ్తాయి. కానీ అక్కడి రేవు రైల్వే 1866 నాటిది. రేవు పెరుగుతుంటే పట్టాలూ దానితోపాటే పెరిగాయి. పైగా సరుకు చాలావరకు వెళ్లేది ఎక్కడో దూరపు ఊళ్లకు, పక్క దేశాలకు. రాటర్‌డ్యామ్‌లో రైలు వాటా పదో వంతు దగ్గరే ఆడుతుంది, ఎందుకంటే అక్కడ గుమ్మంలోనే రైన్ నది ఉంది, పడవలు రైలుకన్నా చవక. దూరం ఎంత, పక్కన నది ఉందా, రేవు లోపలికి పట్టాలు ఎప్పుడు పడ్డాయి అనేవి చూడకుండా వాటాలు పోల్చి ప్రయోజనం లేదు.

మీలాంటి దూరానికి దగ్గరి ఉదాహరణ కావాలంటే అమెరికాలో వర్జీనియా రేవు వారి లోతట్టు డిపోను చూడండి. 1989లో, సముద్రానికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, లోతట్టున పెట్టారు. అలాంటి దూరంలో రైలు గిట్టడానికి కారణాలు పెద్ద రహస్యమేమీ కాదు: పెట్టినది రేవు యాజమాన్యమే, కాబట్టి రేవు లోపల ఎవరి గేటు, ఎవరి క్రేను అన్న తగాదా లేదు, రెండు వైపులా సరుకుంటుంది, రైలు వేళ తప్పకుండా నడుస్తుంది. మీ డిపో యాజమాన్యానికి రేవులో పలుకుబడి ఎంత అన్నది కూడా వాకబు చేయండి.

ఇప్పుడు లారీల వాళ్ల భయం దగ్గరికి: ఓడ తప్పిపోవడం. జరుగుతుంది. నాకూ జరిగింది. ఓడకు సరుకు తీసుకునే గడువు సాయంత్రం ఆరు. మా రైలు యార్డులోకి వచ్చింది ఎనిమిదికి. 60 పెట్టెల్లో 38 ఆ ఓడవే, అన్నీ తర్వాతి వారానికి పడ్డాయి. లారీ ఆలస్యమైతే ఒక పెట్టె తప్పుతుంది, రైలు ఆలస్యమైతే ఊరంతా తప్పుతుంది. ఆ రోజు తర్వాత నేను పెట్టుకున్న నియమం: గడువుకు ముందు వచ్చే ఆఖరి రైలును నమ్మవద్దు, దాని ముందరి రైలు మీద పంపాలి. అంటే వారానికి కనీసం మూడు రైళ్లున్న డిపో అయితేనే ఈ లెక్క కుదురుతుంది. ఒకటే రైలుంటే వారం ముందే సరుకు సిద్ధం చేయాలి. అప్పుడు పెట్టె మీ దగ్గర ఎక్కువ రోజులుంటే ఓడ కంపెనీ వేసే డిటెన్షన్, మరీ ముందు చేరితే రేవులో పడే నిల్వ చార్జీ మిగిలిన 22ను తినేస్తాయి. నేను మూడో వంతు లారీలకే ఉంచమన్నది ఇందుకే. ఆఖరి నిమిషం ఆర్డర్లు, తనిఖీలో ఆగిన పెట్టెలు, చలిపెట్టె కంటైనర్లు రోడ్డు మీదే వెళ్లనివ్వండి. దారిలో చలిపెట్టెకు కరెంటు ఇచ్చే జనరేటర్ ఏర్పాటు రైల్లో ఉందని కళ్లారా చూసేదాకా దాన్ని ఎక్కించకండి.

రేవులో టెర్మినళ్లు ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోవాలి. మూడు టెర్మినళ్లుంటే, మీ రైల్లో మూడింటి పెట్టెలూ కలగాపులగంగా ఉంటే, రైలు మూడు గుమ్మాలు తొక్కాలి, లేదా ఒక చోట దించి మిగతావి లారీల మీద పంచాలి. డిపోలో ఎక్కించేటప్పుడే ఒక్కో టెర్మినల్ పెట్టెల్ని ఒక్కో వరుసగా పేర్చడం తెలిసినవారి చేతిలో ఇది సగం తగ్గుతుంది. వ్యాగన్ల జాబితా ఎలా తయారవుతుందో ఒకసారి చూపించమనండి. వచ్చింది వచ్చినట్టు ఎక్కించేస్తున్నారంటే, ఆ బాధ రేవులో మీ నెత్తినే పడుతుంది.

బరువు విషయంలో రైలు మీకు స్నేహితుడు. రాళ్లు, టైల్స్, లోహాలు, ధాన్యం లాంటి బరువు సరుకును 20 అడుగుల పెట్టెలో నిండుగా వేస్తే రోడ్డు మీద ఇరుసు బరువు పరిమితి అడ్డొస్తుంది. వ్యాగన్‌కు అంత ఇబ్బంది ఉండదు. దూది, దుస్తులు, ఫర్నిచర్ లాంటి తేలిక సరుకుకు ఈ లాభం రాదు. మీ సరుకు ఏమిటో మీరు రాయలేదు. బరువైనదైతే మూడింట రెండు వంతులన్న నా మాటను నాలుగింట మూడు వంతులుగా చదువుకోండి. ఒక జాగ్రత్త: 2016 జూలై 1 నుంచి నిండు కంటైనర్ అసలు బరువును తూచి, ధ్రువీకరించి చెప్పకుండా ఓడకెక్కించరు. ఆ తూకం ఫ్యాక్టరీలోనో డిపోలోనో అయిపోవాలి. రేవుకు వచ్చాక తేడా బయటపడితే, రైల్లో వచ్చిన పెట్టెను వెనక్కి తిప్పి సరుకు తగ్గించడం లారీలో అయినంత సులువు కాదు.

పెట్టెలో సరుకు ఒక పక్కకు ఒరిగినా రైల్లో చిక్కే. పెట్టెను దించడంలో ఇంకో చిక్కుంది. వ్యాగన్ మీద పెట్టెను నాలుగు మూలల్లో ట్విస్ట్ లాకులు పట్టుకుంటాయి. దించేటప్పుడు ఒకటి తుప్పుపట్టి విడవకపోతే పెట్టెతోపాటు వ్యాగన్ కూడా లేస్తుంది. మా దగ్గర పాత క్రేను ఆపరేటర్ ఒకాయన పెట్టెను చూసేవాడు కాదు, కింద వ్యాగన్ స్ప్రింగుల వైపే చూసేవాడు. పెట్టె ఒక జానెడు లేచాక నాలుగు వైపులా స్ప్రింగులు సమంగా విచ్చుకుంటే సరే. ఒక మూల ఇంకా సాగుతూనే ఉంటే వెంటనే దించేసి, ఇనుప కడ్డీతో లాకు కొట్టమనేవాడు. ఆ అరనిమిషం ఆగడం తెలియని కుర్రవాడు ఒకసారి చక్రాన్ని పట్టా మీద నుంచి లేపేశాడు. లైను ఆ రోజంతా మూతపడింది.

ఎత్తు సంగతి కూడా అడగండి, ముఖ్యంగా దారిలో పాత సొరంగాలు, వంతెనలు ఉంటే. ఎత్తైన రకం కంటైనర్ 2.9 మీటర్లు ఉంటుంది. బ్రిటన్‌లో సౌతాంప్టన్ రేవు నుంచి లోపలికి వెళ్లే దారిలో సొరంగంలో పట్టాలు కిందికి దించి, వంతెనలు సరిచేసి, 2011 నాటికి గానీ ఈ పెట్టెలను మామూలు వ్యాగన్ల మీద పంపలేకపోయారు. అంతకుముందు తక్కువ ఎత్తు ప్రత్యేక వ్యాగన్లు కావాల్సి వచ్చేవి. అదే కొత్తగా వేసే లైనయితే మొదటే ఎత్తు ఉంచుకోవచ్చు: భారత్‌లో పశ్చిమ సరుకు కారిడార్‌లో తీగలను 7.57 మీటర్ల ఎత్తున కట్టారు. 2021 జనవరిలో ఒక భాగం తెరిచిన రోజున పెట్టె మీద పెట్టె పేర్చిన కిలోమీటరున్నర రైలు కరెంటు ఇంజనుతోనే దాని కింద నుంచి వెళ్లింది. మీ దారిలో రెండంతస్తుల రైలుకు వీలుంటే రేటు ఇంకా దిగాలి. దిగకపోతే బేరమాడండి.

కంటైనర్లు కాక విడి సరుకు గురించి కింద వ్యాఖ్యల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి కొంచెం. బొగ్గు, ఖనిజం అయితే ఈ చర్చే అక్కర్లేదు, రైలుకు పోటీ లేదు. దక్షిణాఫ్రికాలో సిషెన్ గనుల నుంచి సల్దాన్యా రేవుకు 861 కిలోమీటర్ల లైను 1976 నుంచి ప్రధానంగా ఇనుప ఖనిజం కోసం నడుస్తోంది. ఒక్కో రైలు మూడు నాలుగు కిలోమీటర్ల పొడవు. అక్కడ వచ్చే తలనొప్పి వేరు, గని, రైలు, రేవు మూడింటి లెక్కా ఒకటి కాకపోవడం. 2007 జూన్ 8న తుపానులో పాషా బల్కర్ అనే ఓడ ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ తీరపు ఇసుకలోకి కొట్టుకొచ్చింది. బొగ్గు కోసం రేవు బయట లంగరేసి వరుసలో ఉన్న పదుల ఓడల్లో అదొకటి. గనులు ఓడల్ని పిలుస్తూ పోయాయి, రైళ్లు, రేవు అంత మోయలేకపోయాయి. తర్వాత గని నుంచి ఓడ దాకా ఒకే ప్రణాళిక వేసే పనిని హంటర్ వ్యాలీ కోల్ చైన్ కోఆర్డినేటర్ అనే ఉమ్మడి సంస్థ చూసుకుంది.

మీ విషయానికి: ముందు ఆరు వారాలు వారానికి పది పెట్టెలు మాత్రమే పంపండి. ప్రతి పెట్టెకూ ఐదు సమయాలు రాసుకోండి: ఫ్యాక్టరీ గేటు దాటినది, డిపోకు చేరినది, రైలు కదిలినది, రేవు యార్డుకు చేరినది, టెర్మినల్‌లో దిగినది. సగటు చూడకండి, అన్నిటికన్నా చెడ్డ వారాన్ని చూడండి. నాలుగో సమయానికి, ఐదో సమయానికి మధ్య తేడా ప్రతిసారీ పన్నెండు గంటల లోపే ఉంటే పాతిక పెట్టెల దాకా పెంచుకుంటూ పోండి. ఒకసారి నాలుగు గంటలు, ఒకసారి ముప్ఫై గంటలు వస్తుంటే రేటు ఎంత తగ్గించినా ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టకండి. లారీల వాళ్లతో మాత్రం ఇప్పుడే తెగదెంపులు చేసుకోకండి, ఫ్యాక్టరీ నుంచి డిపోకు ఆ 35 కిలోమీటర్లు నడపాల్సింది వాళ్లే.

సరుకు ఏమిటి, ఖాళీలు ఎక్కడ ఇస్తున్నారు, డిపో నుంచి వారానికి ఎన్ని రైళ్లు, ఈ మూడూ కింద రాస్తే అంకెలు వేసి చెబుతాను.